పులిమేక బండ మీద ఐదో గీత

ఆదివారం పొద్దున నేను కొంతమందికి లింకులు పంపుతాను. వారమంతా నెట్‌లో తిరిగి ఏరుకున్నవి, ఐదారుకు మించకుండా, ఒక్కోదాని కింద రెండు వాక్యాలు రాసి పంపుతాను. హిందూపురం చింతపండు మండీలో గుమాస్తా పని నాది. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ మొదట పాత పుస్తకాల అంగట్లో కొన్నవాటి నుంచి, ఇప్పుడు ఫోన్ నుంచి నేర్చుకున్నవే. ఎక్కడో ఎవరో కూర్చుని ఒక వింత లెక్క తేల్చారని తెలిస్తే, అది చదివేదాకా నాకు అన్నం సయించదు.

ఒకసారి ఒక సైట్ దొరికింది. మ్యాపు మీద ఎక్కడ వేలు పెడితే అక్కడ పడిన వాన చుక్క ఏ వాగులో కలిసి ఏ నదిలో పడి ఏ సముద్రానికి చేరుతుందో గీత గీసి చూపిస్తుంది. మా మండీ రేకుల కప్పు మీద వేలు పెట్టాను. చుక్క పెన్నలో కలిసి, మలుపులన్నీ తిరిగి, నెల్లూరు దాటి సముద్రంలో పడింది. మా దగ్గర పెన్నలో నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి కనిపిస్తాయో ఆ సైట్‌కు తెలియదు. అయినా ఆ రోజంతా ఆ గీతనే చూసుకుంటూ ఉన్నాను. ఇంకోసారి, ఏయే దేశాల కాపరులు గొర్రెలను ఎట్లా లెక్కపెడతారో పోగుచేసిన పేజీ ఒకటి దొరికితే, గొర్రెలు కాసే మా మేనమామకు ఫోన్ చేసి చదివి వినిపించాను. అన్నీ విని ఆయన, "లెక్కపెట్టేదేముండాది అల్లుడా, ఏది లేదో కనపడతాది కదా" అన్నాడు.

లింకులు పంపడంలో నాకొక నియమం ఉంది. అందులో ఏదైనా అంకె ఉంటే అది నా చేత్తో వేసి చూసుకున్నాకే పంపుతాను. తేలకపోతే పంపను. దీనికి నన్ను మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. గ్రూపులో సగం మంది తెరవకుండానే దండం బొమ్మ పెడతారని నాకు తెలుసు.

ఆ వీడియో నాకు వచ్చింది కూడా అదే గ్రూపులోని మనిషి దగ్గరి నుంచే. నా భార్య తమ్ముడు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మగ్గం పక్కన ఫోన్ పెట్టుకుని రోజంతా ఏదో ఒకటి వింటూ ఉంటాడు. పుట్టింటికి పోయిన నా భార్యను తీసుకురావడానికి హిందూపురంలో పాసింజరు ఎక్కి ధర్మవరం పోతున్నాను. పెనుకొండ ఇంకా రాలేదు. ఫోన్ మోగింది. "బావా, ఈ ఆదివారం ఇది పెట్టు. మన పక్కదే. సూడు, నీకు పిచ్చెక్కుతాది" అని కింద ఒక లింకు.

డ్రోన్ ఎగరేసి తీసిన వీడియో అది. ముందు పెనుకొండ చుట్టుపక్కల గుట్టలు, వాటి మీద మబ్బుల నీడలు. తర్వాత ఒక గుట్ట మీద నున్నటి పెద్ద బండ. బండ మీద ఒక మొన దగ్గర నుంచి విసనకర్రలా పరుచుకున్న గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. నగరం నుంచి వచ్చిన కుర్రవాడు టోపీ పెట్టుకుని బండ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెబుతున్నాడు. గీతలు కలిసే చోట్లను ఒక్కొక్కటిగా వేలితో ముట్టి లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. అక్కడ ఆగి, కెమెరా వైపు చూసి, గొంతు తగ్గించి, ఇరవై ఏడు నక్షత్రాలు అన్నాడు. వేల ఏళ్ళ కిందట మన పూర్వీకులు ఆకాశాన్ని ఈ బండ మీదికి దించారన్నాడు. వెనక వీణ మోగింది.

నేను కిటికీలోంచి చూశాను. ఆ గుట్ట కిటికీలోనే ఉంది. దాని కింది ఊరు మా అమ్మ పుట్టిన ఊరు. ఆ బండ మీద గీతలు కొట్టింది మా మామ. పులిమేక ఆడుకోవడానికి.

పులిమేక తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు మూడు పెద్ద రాళ్ళు, మేకలకు గులకరాళ్ళో చింతపిక్కలో. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా చేస్తే పులి కట్టుబడినట్టు. దాని పటంలో మొన నుంచి నాలుగు ఏటవాలు గీతలు దిగుతాయి, వాటి మీదుగా మూడు అడ్డగీతలు పోతాయి, రెండు పక్కలా నిలువు గీతలు ఆ అడ్డగీతల కొనలను కలుపుతాయి. మొన ఒకటి, అడ్డగీతల మీద కొనలతో కలిపి ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు. మొత్తం ఇరవై మూడు చుక్కలు. కోటగోడల మీద, గుడి అరుగుల మీద, రచ్చబండల మీద మా వైపు ఎక్కడ చూసినా ఇదే పటం ఉంటుంది.

మామ కొట్టినదాంట్లో మాత్రం ఏటవాలు గీతలు ఐదు. అది ఎట్లా వచ్చిందో నేను కళ్ళారా చూశాను. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. వేసవి సెలవులకు అమ్మ ఊరికి పోయి ఉన్నాను. రోళ్ళకు గాట్లు పెట్టేవాళ్ళు ఊళ్ళోకి వస్తే మామ వాళ్ళకు సంగటి పెట్టించి ఒక పాత ఉలి అడిగి తెచ్చుకున్నాడు. బండ మీద బొగ్గుతో పటం గీసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. రెండు గీతలు అయ్యేసరికి ఒక మేకపోతు కిందికి దిగి ఎవరిదో బావి కింది వేరుశెనగ చేలో పడింది. మామ ఉలి పారేసి పరుగెత్తాడు. చేను కాపుతో తిట్లు తిని, ఎదురు తిట్టి తిరిగి వచ్చేసరికి ఎండ ఇటు మళ్ళింది. నీడ చూసుకుని బండకు అవతలి వైపు కూర్చున్నాడు. చెమటకు, గొర్రెల తొక్కుడుకు బొగ్గు గీతలు సగం చెరిగిపోయి ఉన్నాయి. అవతలి వైపు నుంచి మళ్ళీ లెక్కపెట్టుకుని కొట్టాడు. సాయంత్రానికి లేచి నిలబడి చూసి, "ఏందిరా ఇది, ఒకటి ఎక్కువయ్యింది" అన్నాడు. రాయి మీద పడిన గీతను తుడిచేది యాడ?

ఐదో గీతతో నాలుగు చుక్కలు పెరిగాయి. పులులు తిరగడానికి చోటెక్కువై మేకలు ఊరికే చచ్చేవి. మేకలను ఒక్కొక్కటిగా పెంచుతూ ఆ సెలవులన్నీ ఆడాం. పద్దెనిమిది మేకల దగ్గర ఆట సమానమైంది. చాలా ఏళ్ళ తర్వాత, నిష్పత్తులు నేర్చుకున్నాక, పదిహేను మేకలు ఇరవై మూడు చుక్కలకైతే ఇరవై ఏడు చుక్కలకు ఎన్ని అని వేసి చూశాను. పద్దెనిమిదికి కొంచెం తక్కువ వచ్చింది. నాకు లెక్కల మీద ప్రేమ పుట్టింది ఆ బండ మీదే. ఆ గుట్ట మీదికి వచ్చే కాపరులంతా పద్దెనిమిది మేకలతోనే ఆడేవాళ్ళు. ఐదో గీతకు దొంగగీత అని పేరు పెట్టుకున్నారు.

బండ పక్కనే దొన ఉంది. వాననీళ్ళు నిలిచే లోతైన రాతి గుంట. చుట్టూ బండల నీడ ఉండడంతో ఎండాకాలం చివరిదాకా అందులో నీళ్ళుంటాయి. గొర్రెలు తాగి వచ్చి బండ మీదే పడుకుంటాయి. ఏళ్ళ తరబడి వాటి ఉన్ని నూనె పట్టి, ఒళ్ళు రాసుకుని బండంతా నున్నగా, నల్లగా తేలింది. మామ ఉలి దెబ్బలు కూడా నున్నబడిపోయాయి. చూసినవాడు ఎంత పాతదనుకున్నా తప్పు పట్టలేం. కానీ అడిగి ఉండవచ్చు. వీడియో తీసిన రోజున కూడా మామ గొర్రెలు అక్కడే ఉన్నాయి. డ్రోన్ చప్పుడుకు బెదిరి పక్కకు పోయినవి వీడియో మూలలో కనిపిస్తాయి.

ధర్మవరంలో దిగి ఇంటికి పోయేసరికి బావమరిది మగ్గం దిగి వచ్చాడు.

"సూస్తివా బావా? పెడతావా గ్రూపులో?"

"అది మా మామ కొట్టిన పులిమేక."

వాడు నవ్వాడు. "నీ మామ గొర్రెలు కాసే మామా? ఆయప్ప నక్షత్రాలు చెక్కినాడా?"

"నక్షత్రాలు కాదప్పా, పులిమేక. ఒక గీత ఎక్కువ పడింది."

"ఇరవై ఏడు సరిగ్గా వస్తాది కదా బావా. ఆ పిల్లోడు ముట్టి ముట్టి లెక్కపెట్టినాడు. నీకంటే జాగ్రత్తగా పెట్టినాడు."

లెక్కల్లో నన్ను మించినవాడు దొరికాడని వాడికి ఆ రోజు పండగ. నా భార్య కూడా కాఫీ ఇస్తూ నవ్వింది.

ఆ రాత్రికే వీడియో కింద రాశాను. ఇది నక్షత్ర పటం కాదు, పులిమేక పటం. నలభై ఏళ్ళ కిందట మా మేనమామ చెక్కాడు, నేను పక్కనే ఉన్నాను. ఒక గీత పొరపాటున ఎక్కువ పడింది. ఇంతే రాశాను, మర్యాదగానే. పొద్దున చూస్తే నా మాట కింద చాలా జవాబులున్నాయి. ఇట్లాంటివాళ్ళ వల్లే మన చరిత్ర నాశనమవుతోందని ఒకరు. డబ్బులిచ్చి రాయించారని ఒకరు. ఇంకొకతను ఓపిగ్గా వివరించాడు: "పులిమేకలో ఇరవై మూడు చుక్కలే ఉంటాయి. ఇందులో ఇరవై ఏడు ఉన్నాయి. కొంచెం లెక్కపెట్టి మాట్లాడండి అంకుల్."

వీడియో చేసిన అబ్బాయికి విడిగా కూడా రాశాను. పటం గీసి, ఏ గీత ఎక్కువో ఎర్రరంగుతో చూపించి, నాలుగు గీతలుంటే చుక్కలెన్ని, ఐదుంటే ఎన్ని, అంతా వేసి పంపాను. దండం బొమ్మ వచ్చింది. కొన్నాళ్ళకు రెండో వీడియో పెట్టాడు. అందులో నా ఎర్రగీత ఉంది. దాని మీద నాలుగు చుక్కలు మెరుస్తూ ఉన్నాయి. మామూలు పులిమేకలో లేని ఈ గీతే రహస్యమంతా చెబుతోందని, ఒక పెద్దాయన పంపిన పటం తన అన్వేషణకు బలమిచ్చిందని అన్నాడు. ఆ పెద్దాయన నేనే.

ఆ నెలలో గుట్ట మీదికి పోయి చూశాను. దారిలో చెప్పుల కుప్పలు. బండ మీద ప్రతి చుక్క దగ్గరా పసుపు, కుంకుమ, కారిపోయిన నూనె. ఎవరికి తోచిన వరసలో వాళ్ళు లెక్కపెట్టుకుని, తమ జన్మనక్షత్రం చుక్క మీద నిలబడి కళ్ళు మూసుకుంటున్నారు. ఒకావిడకు తనది పుబ్బో ఉత్తరో తెలియక, రెండింటి మీదా ఒక్కో కాలు పెట్టి నిలబడింది. మామ కింద చెట్టు నీడలో గొర్రెలను ఆపుకుని, దుడ్డుకర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

"సూడు అల్లుడా, నా దొంగగీత మీద దీపాలు పెడతాండారు."

"నువ్వు చెప్పలేదా మామా, నువ్వే కొట్టినావని?"

"చెప్పినా. ఒకాయన, పెద్దాయనకు ఎండదెబ్బ తగిలినట్టుండాది, నీళ్ళియ్యండి అన్నాడు. ఇచ్చినారు. సీసా నీళ్ళు, సల్లగుండాయి."

అప్పటికి ఆయనకు నవ్వే ఓపిక ఉంది. ఊళ్ళో వాళ్ళు కూడా మొదట నవ్వారు. తర్వాత ఒకరు కొబ్బరికాయలు పెట్టారు, ఇంకొకరు బండ్లు నిలిపే చోటుకు తాడు కట్టారు. నవ్వు తగ్గింది. మామతో ఆ బండ మీద ఆడి ఆడి ఓడిపోయిన మనిషే ఒకడు నాతో అన్నాడు: "నీ మామ కొట్టకముందు గూడా ఆడ ఏందో ఉండిందిలేప్పా. ఆయప్ప పాత గీతల మింద మళ్ళా కొట్టింటాడు." ఇంకో నాలుగు నెలలకు అదే మనిషికి తన తాత ఆ బండకు మొక్కేవాడన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

ఎండాకాలం మొదట్లో కంచె వేశారు. ఆ గుట్ట మీద పాత కోటగోడ ముక్క ఒకటి ఎప్పటినుంచో ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు వీడియో చూసిన పెద్దలెవరో చెబితే పురావస్తు శాఖ ఆఫీసువాళ్ళు వచ్చి బండను, గోడను కలిపి ఇనుప కంచె తిప్పారు. దొన కంచె లోపలికి పోయింది. పశువులు రాకూడదని బోర్డు పెట్టారు. కాపలాకు పక్క ఊరి మనిషిని ఒకణ్ణి కూర్చోబెట్టారు.

ఆ గుట్ట చుట్టుపక్కల వేసవిలో గొర్రెలు తాగే నీళ్ళు ఇంకెక్కడా లేవు. హైవే అవతల ఒక తోటలో బోరు తొట్టి ఉంది. మామ రోజూ మందను హైవే దాటించి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. రెండో వారంలో ఒక చూడి గొర్రెను లారీ కొట్టింది. మామ ఫోన్ చేసి ఆ మాట చెప్పలేదు. "ఒకటి కనపడలేదు అల్లుడా" అన్నాడు. ఎక్కడ కనపడలేదో నేను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. తర్వాత అన్నాడు, ఇట్లయితే మంద అమ్మేస్తానని. అమ్మి ఏం చేస్తావంటే, "ఏం చేస్తా, నేనూ పోయి నక్షత్రం మింద నిలబడతా" అన్నాడు.

మందను నిలబెట్టాలంటే దొన నీళ్ళు కావాలి. దొన నీళ్ళు కావాలంటే ఆ గీతలు పాతవి కావని తేలాలి. అంత తేలిక లెక్క అనుకున్నాను. మామను వెంటబెట్టుకుని పెనుకొండలో ఆ ఆఫీసుకు పోయాను.

ఆఫీసరు చిన్న వయసువాడు, మర్యాద తెలిసినవాడు. మామను కూర్చోమన్నాడు. మామ కూర్చోలేదు.

"నేనే కొట్టినా సార్ దాన్ని. ఉలితో."

"ఎందుకు కొట్టారు?"

"ఆడుకునేకి."

"సాక్షులున్నారా?"

"మా అక్క కొడుకు, ఈడనే ఉండాడు. నా పెండ్లాం గూడా ఉండేది, సచ్చిపోయ. ఆ బండ కాడ కూర్చోని ఇంటికి కట్టెలు తేలేదని ముప్పై ఏండ్లు తిట్టింది. అది బతికుంటే గట్టి సాక్షి."

ఆఫీసరు నవ్వాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి మామతో మెల్లగా అన్నాడు: "పెద్దాయనా, మీ మేలు కోరి చెప్తున్నా. ఆ గుట్ట మీద పాత గోడ ఉంది. అట్లాంటి చోట బండ మీద ఉలి పెట్టడమే నేరం. నేను చెక్కానని మీరు రాసిస్తే నేను పైకి పంపాలి. పంపితే కంచె తీస్తారో లేదో నాకు తెలీదు. మీ మీద కేసు మాత్రం పడుతుంది. చెక్కలేదంటారా, అప్పుడది పాతది. పాతదైతే కంచె ఉండాల్సిందే."

"అంటే కొట్టినా నీళ్ళు లేవు, కొట్టకపోయినా నీళ్ళు లేవు" అన్నాడు మామ.

ఆఫీసరు బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. నేను ఏదో చెప్పబోయాను. నా చేతిలో పటం ఉంది, చుక్కల లెక్క ఉంది. చుక్కలెన్ని అని ఆ గదిలో ఎవరూ అడగడం లేదు.

"అట్లయితే నేను కొట్టలేదు సార్" అన్నాడు మామ.

"మరి ఎవరు చెక్కారు?"

"ఎవరో పాతోళ్ళు. మాకంటే ముందరోళ్ళు. వాళ్ళకేం పని ల్యాక కొట్టినారు."

బయటికి వచ్చి టీ తాగాం. మామ గ్లాసు కింద పెట్టి, "వాడు మంచోడే అల్లుడా, కేసు కాకుండా సూసినాడు" అన్నాడు. ఆయన కొట్టిన గీతలను ఆయన నోటితోనే కాదనిపించి, దానికి కృతజ్ఞత కూడా చెప్పించుకున్నారు. అన్నీ మర్యాదగానే జరిగాయి. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకపోవడం కంటే చేదు లేదు.

ఆ తర్వాత ధర్మవరం పోయినప్పుడు బావమరిది మగ్గం మీద కొత్త చీర చూశాను. మెరూన్ పట్టు, జరీ అంచు. అంచు పొడుగునా చిన్న చిన్న విసనకర్రలు. ఒక్కోదాంట్లో ఐదు గీతలు. చుక్కల దగ్గర జరీ మెరుస్తోంది.

"నక్షత్రం అంచు బావా. షావుకారు ఇదే నేయమంటాండాడు. బెంగళూరు వాళ్ళు అడిగి అడిగి తీసుకపోతాండారు."

"అందులో ఒక గీత తప్పు."

"తెల్సులే బావా నీ సంగతి." వాడు మగ్గం కింది పలక తొక్కడం ఆపి నా వైపు తిరిగాడు. ఈసారి వెక్కిరింపు లేదు. "గమ్మునుండు బావా. ఇన్నేండ్లకు చేతినిండా పని దొరికె. నువ్వు ఆడ ఈడ రాస్తాంటివి, అది నా పొట్ట మీద కొట్టేది. నీ మామకు నీళ్ళు కావాల, నాకు ఈ గీత కావాల."

వాడన్నదాంట్లో తప్పు వెతికాను. దొరకలేదు. ఆ రోజు నుంచి ఎక్కడా ఏమీ రాయలేదు. నా ఆదివారం లింకుల్లో ఆ వీడియో పెట్టలేదు, దాన్ని కాదనే మాట కూడా పెట్టలేదు. అంకె తేలకపోతే పంపనన్న నా నియమానికి అది బయటే ఉండిపోయింది. ఇరవై ఏడు అన్న అంకె తప్పు కాదు కదా, సరిగ్గానే తేలుతుంది.

ఎండలు ముదిరాయి. మంద బేరానికి మనుషులు వచ్చి పోతున్నారని విని గుట్ట దగ్గరికి పోయాను. మామ కంచె లోపల ఉన్నాడు. గొర్రెలు దొన దగ్గర మూతులు పెట్టి తాగుతున్నాయి. కాపలా మనిషి గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి మామ చెయ్యి ఊపాడు.

సంగతి ఏమిటంటే, వచ్చినవాళ్ళు కాపలా మనిషిని ప్రశ్నలు అడిగి చంపుతున్నారు. ఏది ఏ నక్షత్రం, రోహిణి ఎక్కడ, మఖ ఎక్కడ అని. వాడికి తన జన్మనక్షత్రమే తెలియదు. పైనుంచి వచ్చిన పెద్దలెవరో, స్థలం గురించి చెప్పేవాళ్ళు కూడా లేరా అని వాణ్ణి కసిరి పోయారు. మామ ఏమో అక్కడే పుట్టి పెరిగినవాడు, తలపాగా, గడ్డం, చేతిలో కర్ర, చూడగానే నమ్మబుద్ధయ్యే మనిషి. ఇద్దరూ మాట్లాడుకున్నారు. జనం రాకముందు పొద్దున్నే మందను లోపలికి వదిలి నీళ్ళు తాపుకోవచ్చు. జనం వచ్చాక మామ బండ దగ్గర నిలబడి నక్షత్రాలు చూపించాలి.

"ఒప్పుకున్నావా మామా?"

"ఒప్పుకోక? అవి తాగుతాండేది సూడు." గొంతు తగ్గించాడు. "ఒక ఉపకారం చెయ్యల్ల అల్లుడా. ఆ ఇరవై ఏడు పేర్లు వరసగా రాసియ్యి. ఏ చుక్కకు ఏ పేరో. నాకు అశ్విని, భరణి, కృత్తిక దాకా వస్తాది. ఆ మింద గొర్రెల పేర్లు వస్తాండాయి నోట్లోకి. నిన్న ఒకాయమ్మకు మచ్చలది, కుంటిది అని చెప్పబోతి."

జేబులో పెన్ను తీశాను. బండ పటం గీశాను. ఐదు గీతలతోనే. మొన దగ్గర అశ్విని పెట్టి, అడ్డగీతల వెంట ఎడమ నుంచి కుడికి పేర్లు పేర్చుకుంటూ పోయాను. ఏ చుక్కకు ఏ పేరన్నది నిర్ణయించడానికి ఆధారం ఏదీ లేదు. ఆకాశంలో వాటి దూరాలకూ ఈ గీతలకూ పొంతన లేదు. నేను ఏది పెడితే అది. అడుగు వరసలో చివరి చుక్కకు రేవతి వచ్చింది. ఒక్క పేరు మిగల్లేదు, ఒక్క చుక్క ఖాళీ లేదు. నా జీవితంలో ఇంత సరిగ్గా సరిపోయిన అబద్ధం ఇంకోటి వేయలేదు. మామ ఆ పేర్లను నా చేత రెండుసార్లు చదివించుకుని, కాగితం మడిచి తలపాగాలో పెట్టుకుని, పది గంటలకల్లా దాన్ని తీయకుండానే బెంగళూరు కుటుంబం ఒకదానికి వరసగా ఒప్పజెప్పాడు. వాళ్ళు ఆయనతో ఫొటో దిగారు. ఆ కాగితంలోని వరసే ఇప్పుడు నెట్‌లో మూడు చోట్ల ఉంది. అందులో ఒకచోట, తరతరాలుగా కాపరుల నోట నిలిచిన క్రమం అని రాశారు.

ఆ సాయంత్రం మామ ఇంటి ముందర కూర్చున్నాం. మంద దొడ్లో ఉంది, కడుపు నిండి నెమరేస్తోంది. చాలా ఏళ్ళయింది, ఒక ఆట ఆడదామన్నాను. బండ మీద ఇప్పుడు రాళ్ళు పెట్టనివ్వరు. నేను నేల మీద బొగ్గుతో పటం గీశాను. నాలుగు గీతలే గీశాను. ఏదైనా ఒకటైనా సరిగ్గా ఉండాలనిపించింది. పదిహేను చింతపిక్కలు, మూడు రాళ్ళు. మామ పులులు తీసుకున్నాడు.

ఆట నడిచింది. మేకలతో ఒక పులిని కట్టేశాను, రెండోదాన్ని మూలకు తోశాను. మూడోదానికి దారి లేదు. మామ పటం మీదికి వంగి చూశాడు. రాయి ఎత్తి, మధ్యలో గీత లేని చోటు మీదుగా, దొంగగీత ఉండాల్సిన చోటు మీదుగా, నా మేక అవతలికి దూకించి పిక్క తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఆడ గీత లేదు మామా."

ఆయన నేల వైపు చూడలేదు.

"ఉండాదిలే" అన్నాడు. "నువ్వు ఆడు."